నాటకానికి తోలు కవచం: పది వారాల్లో అవుతుందా?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకుడు చాలా పెద్ద ఉత్తరం రాశారు. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను. ఆయన ఆఫీసులో లెక్కలు చూస్తారు, సాయంత్రాలు ఒక ఔత్సాహిక నాటక బృందంతో గడుపుతారు. కొత్త నాటకంలో ఒక కల్పిత రాజ్యం ఉంది, యుద్ధాలతో విసిగిపోయిన ఒక సేనాధిపతి ఉన్నాడు. అతని కవచం ఎక్కణ్నుంచి తేవాలన్న చర్చ వచ్చినప్పుడు ఈయన "నేను చేస్తాను, అసలైన తోలుతోనే" అనేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికి తోలు పనిలో ఆయన అనుభవమల్లా వీడియోలు చూడటమే.

ఇప్పుడు ప్రదర్శనకు పది వారాలుంది. మొదట బ్యాగులకు వాడే తోలు కొన్నారు. ముంజేతి కవచం ఆకారంలో కత్తిరించి, వేడినీళ్లలో ముంచి, సీసాకు చుట్టి ఆరబెట్టారు. విప్పి చూస్తే మళ్లీ మెత్తగా వేలాడింది. తర్వాత ఒక మిత్రుడు ఇచ్చిన దళసరి బెల్టు తోలు ముక్కను మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచారు. అది ముడుచుకుని సగమైంది, ఆరాక వంచబోతే పెళుక్కున విరిగింది. ఆయనతో ఒకే ఇంట్లో ఉంటున్న అక్కకు సుత్తి చప్పుడూ రంగుల వాసనా పడటం లేదు. దర్శకుడు రిహార్సల్‌కు వెళ్లినప్పుడల్లా "ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతున్నారు. కొలతలిస్తానన్న నటుడి ఫోన్ ఎత్తడం ఈయన మానేశారు. ఫోమ్‌తో చేసి రంగు వేసేయమని ఒక స్నేహితుడి సలహా. "తోలు అని చెప్పి ఫోమ్ తొడిగితే మోసం కాదా? ఒక నెల జీతం పెట్టి పెద్ద తోలు కొని తెగించి చేసేయాలా, నా వల్ల కాదని చెప్పేయాలా? రాత్రిళ్లు ఇదే టెన్షన్" అని ముగించారు.

* * *

ముందు ఆ రెండు ముక్కల సంగతి తేలుద్దాం. ఎందుకంటే వాటిని చూసే మీరు మీ చేతిలో ఈ విద్య లేదని తీర్మానించుకున్నట్టున్నారు. మొదటిసారి తోలు తప్పు, రెండోసారి వేడి తప్పు. రెండింటిలోనూ మీ చేతి పనితనానికి పరీక్షే జరగలేదు.

బజార్లో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసింది, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లకుండా తోలుగా మార్చింది. జాకెట్లు, సోఫాలు, మెత్తటి బ్యాగులు అన్నీ అదే. నీళ్లకు, వేడికి తట్టుకుని మెత్తగానే ఉండటం దాని గుణం. తడిపి సీసాకు చుట్టినా ఆరాక పాత తీరుకే వస్తుంది. మీకు జరిగింది అదే. కవచానికి కావలసింది చెట్ల బెరళ్లు, కాయల్లోని వగరు పదార్థంతో, అంటే టానిన్‌తో, పదును చేసిన తోలు. తుమ్మ బెరడు, ఓక్ బెరడు, కరక్కాయ, ఇలాంటివన్నీ ఆ పనికి వాడతారు. దుకాణాల్లో దీన్ని వెజ్ టాన్ అంటారు. తడిస్తే మైనంలా లొంగుతుంది, ఆరితే ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది. రంగు వేయని వెజ్ టాన్‌ను గుర్తుపట్టడం తేలిక. లేత గోధుమ రంగులో ఉంటుంది, నీటి చుక్క వేస్తే పీల్చుకుని అక్కడ ముదురు రంగుకు మారుతుంది, గోరుతో నొక్కితే గుర్తు పడుతుంది. క్రోమ్ తోలును అడ్డంగా కోస్తే మధ్యలో తరచూ నీలం, బూడిద కలిసిన చార కనిపిస్తుంది.

మీ మిత్రుడిచ్చిన ముక్క బహుశా వెజ్ టానే. అందుకే మరిగే నీళ్లలో అంత ఘోరంగా ముడుచుకుంది. తోలంటే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక. వెజ్ టాన్‌లో ఆ పోగులు సుమారు 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య ఒక్కసారిగా ముడుచుకుంటాయి. తోలు చిన్నదై, మందమై, గట్టిపడుతుంది. పాతకాలపు యూరప్‌లో "క్యూర్ బుయీ" అనే గట్టి తోలు పేరు వినే ఉంటారు. దాన్ని సరిగ్గా ఎలా చేసేవారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు వేడినీళ్ల పద్ధతి వాడేవాళ్లు మాత్రం నీటిని మరగనివ్వరు. థర్మామీటరు పెట్టుకుని 80 డిగ్రీల దగ్గర ఆపి, సెకన్ల లెక్కన ముంచి తీస్తారు. ఐదు నిమిషాలు మరిగిస్తే ఎవరి చేతిలోనైనా పెళుసే మిగులుతుంది.

ఇంతకీ మీకు అంత గట్టి తోలు అవసరమా? సేనాధిపతికి తగిలేవి నాటకం కత్తులు. దళసరి వెజ్ టాన్‌ను మామూలు నీళ్లతో తడిపి, మలిచి, నిదానంగా ఆరబెడితే రంగస్థలానికి సరిపడా బిగువు వస్తుంది. వేడినీళ్లు పెట్టాలనే ఉంటే, ముందు పది సెంటీమీటర్ల చదరపు ముక్కలు రెండు మూడు ముంచి ఎంత ముడుచుకుంటున్నాయో కొలవండి. ఒకే తోలులో పొట్ట భాగం ఒకలా, వీపు భాగం ఒకలా ముడుచుకుంటుంది. కొలతకు కత్తిరించిన కవచాన్ని అందులో ముంచడం జూదం. కరిగిన మైనంలో ముంచే పద్ధతి కూడా వీడియోల్లో చూసే ఉంటారు. మీ ఇంటి వంట పొయ్యి మీద అది వద్దు. మైనం వేడెక్కి అంటుకుంటే నీళ్లు పోసిన క్షణంలో మంట పైకి లేస్తుంది. మూత పెట్టి ఊపిరాడకుండా చేయడమే దానికి మందు.

ఇక "అసలైన" అన్న మీ మాట దగ్గరికి వస్తాను. ఉత్తరంలో చాలాసార్లు వాడారు, కానీ ఒక్కోచోట ఒక్కో అర్థంలో. ఒకచోట చరిత్రకు దగ్గరగా ఉండాలని, ఇంకోచోట సినిమాలోలా ఉండాలని, మరోచోట పదార్థం తోలే అయ్యుండాలని. ఈ మూడూ ఒకే కవచంలో ఇమడవు. సినిమాల్లో సైనికులందరూ తొడుక్కునే గుబ్బల తోలు కోటు చూడండి. పూర్వం అలాంటి బ్రిగండైన్ అనే కవచంలో గుడ్డకో తోలుకో లోపలివైపు లోహపు పలకలు బిగించేవారు. బయటికి కనిపించే గుబ్బలు ఆ రివిట్ల తలలు. పలకలు తీసేసి గుబ్బలు మాత్రం ఉంచితే అది అలంకారమే. అలాగని తోలు కవచం ఉత్త కల్పనా కాదు. 14వ శతాబ్దానికి చెందిన, నగిషీ చెక్కిన తోలు భుజరక్ష ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. జపాన్‌లో పచ్చితోలు పలకలకు లక్క పూసి, తాళ్లతో వరసలుగా అల్లి కవచాలు చేసేవారు. మీది కల్పిత రాజ్యం కాబట్టి ఏ శతాబ్దానికీ మీరు జవాబు చెప్పక్కర్లేదు. ప్రేక్షకుడికి మాత్రం జవాబు చెప్పాలి. అతనికి మూడో వరసలోంచి కనిపించేది ఒంటి మీద కవచం కూర్చున్న తీరు, పట్టీలు నిజంగా బరువు మోస్తున్నట్టు ఉండటం, అంచుల అరుగుదల. దేనితో చేశారన్నది అక్కడికి చేరదు. నటుడు చెయ్యి ఎత్తితే ఛాతీ పలక గొంతుకు పొడుచుకుంటే మాత్రం చివరి వరస దాకా తెలిసిపోతుంది.

మోసం అన్న మాట కూడా ఇక్కడే తేల్చేయొచ్చు. నాటకంలో ఫోమ్ కవచం తొడగడం మోసం కాదు. రంగస్థలం మీద ఉండే రాతి గోడ కూడా రాయి కాదుగా. బృందానికి తోలు అని చెప్పి, చెప్పకుండా ఫోమ్ తేవడం మోసం. చెప్పి తెస్తే అది మామూలు నిర్ణయం.

నాకు కనిపిస్తున్న చిక్కు ఇది: ఒక తేదీకి కవచం అందించడం ఒక పని, తోలు పని నేర్చుకోవడం ఇంకో పని. మీరు రెండింటికీ కలిపి ఒకే ముడి వేశారు. తేదీకి మీ చేతకానితనంతో సంబంధం లేదు, అది వచ్చేస్తుంది. నేర్చుకోవడానికేమో పాడుచేసే తీరిక కావాలి. ముడి విప్పితే కొన్ని దారులు కనిపిస్తాయి.

తలనుంచి కాలిదాకా అంతా తోలుతోనే చేయడం ఒక దారి. మీ ఉత్తరంలో మీ మనసు దీనిమీదే ఉంది. ఆవు లేదా గేదె తోలులో సగం, అంటే ఒక పక్క భాగం, 20 చదరపు అడుగులకు పైనే ఉంటుంది. ఛాతీ, వీపు, భుజాలు, చేతులు, కాళ్లు అనుకుంటే అది మొత్తం తినేస్తుంది, పొరపాట్లకు మిగిలేది తక్కువ. శిరస్త్రాణం అన్నిటికన్నా కష్టం. గుండ్రటి తలకు తోలు మలచాలంటే ముందు తల ఆకారంలో చెక్క అచ్చు కావాలి. ఉద్యోగం చేస్తూ, మొదటిసారి చేస్తూ, పది వారాల్లో ఇది పూర్తయ్యే అవకాశం నాకు కనిపించడం లేదు. పూర్తయినా రిహార్సల్‌లో తొడిగి సరిచేసే వ్యవధి మిగలదు. డబ్బు పోయినా తట్టుకోవచ్చు, కానీ దీని తర్వాత మీరు తోలు ముట్టుకోరని నా భయం.

రెండో దారి, తోలూ ఫోమూ కలపడం. ముంజేతులు, నడుము పట్టీ, భుజాల మీది పట్టీలు, బకిళ్లు తోలుతో. ఛాతీ పలక, శిరస్త్రాణం ఫోమ్‌తో. నటుడి చేతులే ఎక్కువగా కదులుతాయి, చూపు వాటి మీదే పడుతుంది. అక్కడ అసలు తోలు ఉంటే మిగతాది కూడా తోలే అని కన్ను ఒప్పేసుకుంటుంది. నటుడికి బరువూ తగ్గుతుంది. ఇబ్బంది రంగు దగ్గర వస్తుంది. తోలు రంగు ఎలా తేలుతుందో ముందే చెప్పలేం, ఫోమ్ మీద పెయింట్‌ను ఎలాగైనా మార్చుకోవచ్చు. కాబట్టి తోలు భాగాలు ముందు పూర్తిచేసి, వాటిని పక్కన పెట్టుకుని ఫోమ్‌కు రంగు కలపాలి. తిరగేసి చేస్తే రెండూ కలవవు.

మూడోది, చిన్న పలకల కవచం. అరచేతిలో పట్టే తోలు పలకలు కత్తిరించి, బెజ్జాలు కొట్టి, తాడుతో వరసలు అల్లుకుంటూ పోవడం. మలచే పనే లేదు, ఒక పలక పాడైతే ఆ పలకే పోతుంది. కొత్తవాళ్లకు ఇది బాగుంటుంది. కానీ ఛాతీకి వందల పలకలు, ఒక్కోదానికి ఆరో ఎనిమిదో బెజ్జాలు. విసుగు తట్టుకోగలరా అన్నది మీకే తెలియాలి. నాటక బృందంలో నలుగురు చేతులు కలిపితే తేలిగ్గా అయిపోతుంది. ఒంటరిగా అయితే మీ అక్క ఇల్లు మారుతుంది.

నాలుగోది, ఈ నాటకానికి కవచం అద్దెకు తేవడం, లేదా పూర్తిగా ఫోమ్‌తో చేయడం. తోలు పని తేదీ లేకుండా మీకోసం మొదలుపెట్టుకోవచ్చు. మాట పోయిందన్న బాధ కొన్నాళ్లు ఉంటుంది. ఆరోగ్యం, నిద్ర పాడవుతున్నాయనుకుంటే ఇదే మంచిది.

నేనైతే రెండోదాని వైపు మొగ్గుతాను. అయితే ఇప్పుడే నిర్ణయించక్కర్లేదు. ముందు ఒక జత ముంజేతి కవచాలు చేయండి, రెండు వారాలు గడువు పెట్టుకోండి. ఈ పనిలోని ముఖ్యమైన మెట్లన్నీ ఆ చిన్న వస్తువులో ఉంటాయి. అది ఎలా తేలిందన్నదాన్ని బట్టి మిగతాది తేల్చుకోవచ్చు.

దానికి పెద్ద తోలు కొనవద్దు. వెజ్ టాన్ భుజ భాగం ముక్క చాలు. దుకాణాల్లో మందాన్ని ఔన్సుల్లో చెబుతుంటారు. ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మిల్లీమీటరు. ముంజేతికి 7 లేదా 8 ఔన్సులు, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు. పొట్ట భాగం చవకని తీసుకోకండి, అది సాగుతుంది. పనిముట్ల సెట్లూ వద్దు, సగం మీరు తెరవరు. పదునైన కత్తి, కింద కోత చాప, స్టీలు స్కేలు, బెజ్జాలు కొట్టే ప్లయర్, తోలును పొడిచే ఆరె, మొన లేని సూదులు రెండు, మైనం పట్టించిన దారం, చెక్క లేదా ప్లాస్టిక్ సుత్తి, అంచు గుండ్రం చేసే చిన్న పనిముట్టు. ఇంతే. ఇనుప సుత్తితో తోలు పనిముట్లను కొట్టకూడదు, వాటి తలలు చిట్లిపోతాయి.

కొలత టేపుతో ముంజేతి కవచం రాదు. నటుణ్ని పిలవండి. నాటకంలో వేసుకునే చొక్కా చెయ్యే తొడిగించి, దానిమీద పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆపైన టేపు అంటించి, పెన్నుతో అంచులు గీసి, లోపలివైపు కత్తెరతో కోసి తీయండి. చదునుగా పరిస్తే అదే నమూనా. దాన్ని అట్ట మీదికి ఎక్కించి, అట్టతోనే ఒకసారి తొడిగించి, మోచెయ్యి మడవమనండి, కత్తి పట్టమనండి. ఇక్కడ ఒక లెక్క మరవద్దు. 3 మిల్లీమీటర్ల తోలును చేతి చుట్టూ తిప్పితే బయటి చుట్టుకొలత లోపలిదానికంటే 19 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అందుకని చుట్టూ తిరిగే కవచానికి అట్ట నమూనా కన్నా అందులో సుమారు సగం, అంటే ఒక సెంటీమీటరు వెడల్పు ఎక్కువ ఇవ్వాలి. మీరు తాడు బిగించే రకం చేస్తే లోపలివైపు రెండు వేళ్ల సందు ఉంచండి, ఆ తేడా అందులో సర్దుకుంటుంది. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఒకేలా కోయకండి, నమూనాను తిరగేసి కోయాలి. కొత్తవాళ్లు ఇక్కడ తోలు బాగా వృథా చేస్తారు.

కోశాక అంచులు గుండ్రం చేసి, స్పాంజితో రెండువైపులా తడపండి. తడిపిన వెంటనే వంచకుండా, పైన రంగు కొంచెం లేతబడి, ముట్టుకుంటే లోపల ఇంకా చల్లగా తగిలే దశ వచ్చేదాకా ఆగండి. తోలు లొంగేది అప్పుడే. తడి తోలుకు ఇనుప వస్తువేదీ తగలనివ్వకండి. ఇనుమూ టానిన్ కలిసి నల్లటి మరక పడుతుంది, అది పోదనే అనుకోండి. ఇనుప రజను వెనిగర్‌లో నానబెట్టి వెజ్ టాన్ తోలుకు కావాలనే నల్లరంగు ఎక్కించేదీ ఈ గుణంతోనే. మీ సేనాధిపతి నల్ల కవచం వేసుకుంటే పనికొస్తుంది. ముంజేయి ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా ఉంటుంది కాబట్టి సీసా సరిపోదు. పాత బట్టలు గట్టిగా చుట్టి, టేపు వేసి, నటుడి చేతి కొలతకు ఒక దిమ్మ చేసుకోండి. దానికి తోలు చుట్టి, వెడల్పాటి గుడ్డ పట్టీతో కట్టండి, సన్నతాడు కడితే గుర్తులు పడతాయి. నీడలో కనీసం ఒక రోజంతా వదిలేయండి. ఎండలోనో హీటరు ముందో పెట్టి తొందరపెడితే పగుళ్లిస్తుంది.

బెజ్జాలు ఆరాక కొట్టాలి. ముందే కొడితే మలిచేటప్పుడు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తాయి. పట్టీలు కుట్టేటప్పుడు ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒకే బెజ్జంలోంచి అటూ ఇటూ దూర్చే కుట్టు వేయండి. ఒకచోట తెగినా మిగతాది ఊడదు. కుట్టు పొడవుకు నాలుగు రెట్లు దారం తీసుకుంటే మధ్యలో అయిపోదు. ఆ తర్వాత రంగు, దాని తర్వాత అంచులను తడిపి గుడ్డతో మెరుపు వచ్చేదాకా రుద్దడం. అంచు రుద్దని కవచం ఎంత బాగా కోసినా అట్టముక్కలానే కనిపిస్తుంది, దీనికి తగినంత సమయం ఇవ్వండి. చివర నూనె మరీ ఎక్కువ పట్టిస్తే మీరు తెచ్చిన బిగువంతా మెత్తబడుతుంది. పాతబడిన రూపానికి మూలల్లో ముదురు రంగు పేస్టు తోసి, పైన తుడిచేయండి.

అక్క సంగతి. చప్పుడు చేసేది బెజ్జాలూ రివిట్లే. మిగతా పనంతా నిశ్శబ్దం. ప్లయర్‌తో నొక్కే బెజ్జాలకు చప్పుడే ఉండదు. సుత్తి తప్పనిచోట కింద మందపాటి రాతి పలక, దానికింద రబ్బరు చాప వేసి, బల్ల కాలు నేలకు దిగే చోట, అంటే బల్ల మధ్యలో కాకుండా మూలన, కొట్టండి. రివిట్లన్నీ కూడబెట్టి ఆమె ఇంట్లో లేని ఒక గంటలో పూర్తిచేయవచ్చు. స్పిరిట్ రంగులు, జిగురు కిటికీ తెరిచి, చేతి తొడుగులు వేసుకుని వాడాలి. వాసన విషయంలో ఆమె చెప్పింది సబబే. మీకూ మంచిది కాదు. ఫోమ్‌ను అరగదీసినా, వేడిగాలితో మలిచినా బాల్కనీలోనే, మాస్కుతో.

ఇక మీరు వాయిదా వేస్తున్న ఫోన్లు. నటుడు లేకుండా మొదటి మెట్టే పడదని చూశారుగా. ఆయనకు ఈవేళే చేయండి. దర్శకుడికి "నేను తొందరపడి ఒప్పుకున్నాను, అంతా తోలుతో పది వారాల్లో రాదు. రెండు వారాల్లో ముంజేతులు తెస్తాను. చూశాక మిగతాది ఫోమా, అద్దెకా అని కలిసి తేలుద్దాం" అని చెప్పండి. చిన్నబుచ్చుకుంటారేమో. పది వారాలు చేతిలో ఉండగా చిన్నబుచ్చుకోవడం, రెండు వారాలే మిగిలినప్పుడు కంగారుపడటం, ఈ రెండింట్లో ఏది నయమో ఆయనకూ తెలుసు. చెప్పకుండా నెట్టుకొస్తే మాత్రం అద్దె కవచానికీ, ఫోమ్‌కూ కావలసిన సమయం కూడా మీరే తినేసినవారవుతారు.

ముంజేతులు బాగా వచ్చి, ఆ పనిలో మీకు విసుగు రాకపోతే, తర్వాత నడుము పట్టీ, భుజాల పట్టీలు. బాగా రాకపోతే వాటిని దాచుకోండి, ఫోమ్ కవచానికి పట్టీలూ బకిళ్లూ మాత్రం తోలువి పెట్టండి. ఏ సందర్భంలోనైనా ప్రదర్శనకు మూడు వారాల ముందు మొత్తం కవచం నటుడి ఒంటిమీద ఉండాలి. కూర్చోవడం, పడటం, గట్టిగా ఊపిరి తీసి డైలాగు చెప్పడం అప్పటినుంచీ అందులోనే సాధన చేయాలి. ఒక నెల జీతం పెట్టే ఆ పెద్ద తోలు మాత్రం, ముంజేతుల జత ఆయనకు సరిపోయిందని చూసేదాకా కొనకండి.